ఇంటి లోషన్లు, క్రీములు, లిప్ బామ్‌లు: నూనె, నీరు, మైనాల రసాయన శాస్త్రం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- చర్మం తేమను ఎలా నిలుపుకుంటుందో, లేపనాలు అందుకు ఎలా తోడ్పడతాయో వివరించగలుగుతారు.
- నీరు లేని లేపనానికి, నీరు ఉన్న లేపనానికి మధ్య తేడాను చెప్పగలుగుతారు.
- లిప్ బామ్, కోల్డ్ క్రీమ్, లోషన్‌లను చిన్న పరిమాణంలో తయారుచేయగలుగుతారు.
- కోల్డ్ క్రీమ్‌లో వాడే వెలిగారం పరిమాణాన్ని లెక్కకట్టగలుగుతారు.
- ఇంట్లో చేసిన లేపనాలు ఎందుకు చెడిపోతాయో, ఏది వాడవచ్చో, ఏది పారవేయాలో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

చలికాలం మొదలుకాగానే పెదవులు పగలడం, కాళ్ళూ చేతులూ బూడిద పట్టినట్లు తెల్లబారడం మనందరికీ అనుభవమే. పూర్వం ఇళ్ళలో పెదవులకు వెన్న, ఒంటికి నువ్వులనూనె, మడమల పగుళ్ళకు ఆముదం రాసుకునేవారు. ఆదిలాబాద్, భద్రాచలం అటవీ ప్రాంతాల్లో ఇప్పగింజల నూనె వాడేవారు. ఈ పద్ధతులన్నింటి వెనుక మంచి రసాయన శాస్త్రమే ఉంది.

ఇప్పుడు లోషన్లు, క్రీములు ఇంట్లోనే చేసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. స్వయం సహాయక సంఘాల్లోని మహిళలు కొందరు వీటిని చేసి అమ్మాలని కూడా అనుకుంటున్నారు. అధ్యయన కేంద్రాల్లోని తరగతులలో విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "కలబంద, రోజ్‌వాటర్, కొబ్బరినూనె అన్నీ ప్రకృతి సహజమైనవే కదా, వాటిని కలిపి సీసాలో పెట్టుకుంటే హాని ఏముంటుంది?" ఈ భాగం ఆ ప్రశ్నకు సమాధానం. పదార్థం సహజమైనదా, కృత్రిమమైనదా అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న కాదు. మొదటి ప్రశ్న: అందులో నీరు ఉందా, లేదా? తయారీ విధానం, నిల్వ ఉండే కాలం, వాడేవారి భద్రత ఈ ఒక్క ప్రశ్న మీదే చాలావరకు ఆధారపడి ఉంటాయి.

9.2 చర్మం, తేమ

మన చర్మం పైభాగాన స్ట్రాటమ్ కార్నియమ్ అనే పలుచని పొర ఉంటుంది. అరచేతులు, అరికాళ్ళలో తప్ప మిగతా శరీరంపై దీని మందం సుమారు 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే. దీన్ని ఇటుక గోడతో పోల్చవచ్చు. చదునైన మృతకణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే సిరమైడ్లు, కొలెస్టరాల్, ఫాటీ ఆమ్లాలు సున్నం లాంటివి. లోపలి తేమ త్వరగా ఆవిరైపోకుండా ఆపేది ఈ గోడే. చలికాలపు పొడిగాలి తేమను లాగేస్తుంది. బాగా వేడినీళ్ళు, గాఢమైన సబ్బు ఆ 'సున్నాన్ని' కడిగివేస్తాయి. అప్పుడు చర్మం బిరుసెక్కి, పగులుతుంది.

లేపనాల్లోని పదార్థాలు మూడు రకాలుగా పనిచేస్తాయి.

(అ) తేమ బయటకు పోకుండా అడ్డుకునేవి: పెట్రోలియం జెల్లీ, తేనెమైనం. ఇవి చర్మంపై పొరలా ఏర్పడతాయి. ఈ పనిలో పెట్రోలియం జెల్లీ వంటనూనెలకన్నా చాలా సమర్థమైనది.

(ఆ) తేమను ఆకర్షించి పట్టి ఉంచేవి: గ్లిజరిన్ ఇందుకు మంచి ఉదాహరణ. గ్లిజరిన్ అణువులోని మూడు హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తాయి.

(ఇ) చర్మాన్ని మెత్తబరిచేవి: కొబ్బరి, నువ్వులు, బాదం నూనెలు. ఇవి మృతకణాల మధ్య ఖాళీలను నింపి నునుపునిస్తాయి.

పెదవుల సంగతి కొంచెం వేరు. వాటిపై ఈ రక్షణ పొర చాలా పలుచన. తైలగ్రంథులు కూడా సాధారణంగా ఉండవు. పెదవులు ఎండినప్పుడు నాలుకతో తడుపుకోవడం చాలామందికి అలవాటు. ఆ లాలాజలం ఆవిరవుతూ పెదవులను ఇంకా ఎండబెడుతుంది. అందువల్ల పెదవులకు తేమనిచ్చేదాని కన్నా తేమను ఆపేది ముఖ్యం. లిప్ బామ్‌లో నీరు అవసరం లేకపోవడానికి ఇదే కారణం.

9.3 వెన్న, నెయ్యి నేర్పే పాఠం

నీరు ఉండటం, లేకపోవడం ఎంత తేడా తెస్తుందో మన వంటింట్లోనే చూడవచ్చు. పాలలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. దీన్ని 'నీటిలో నూనె' ఎమల్షన్ అంటారు. మీగడను చిలికినప్పుడు ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలిసి ముద్దకడతాయి. అమరిక తలకిందులై, కొవ్వులో నీటి బిందువులు చిక్కుకున్న వెన్న వస్తుంది. ఇది 'నూనెలో నీరు' ఎమల్షన్. వెన్నలో సుమారు 16 శాతం నీరు ఉంటుంది. వెన్నను కాచితే ఆ నీరు చిటపటమంటూ ఆవిరైపోయి నెయ్యి మిగులుతుంది.

వెన్న బయట ఉంచితే రెండు మూడు రోజులకే పులిసిన వాసన వస్తుంది. నెయ్యి నెలల తరబడి ఉంటుంది. రెండింటిలోనూ ఉన్నది అదే కొవ్వు. తేడా నీరు. బాక్టీరియా, బూజు పెరగడానికి నీరు కావాలి. నీరు లేని కొవ్వులో అవి పెరగలేవు. ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెట్టవద్దని, తడి గరిటె ముంచవద్దని పెద్దలు చెప్పే మాటకు కారణం కూడా ఇదే.

ఈ దృష్టితో చూస్తే లిప్ బామ్ నెయ్యి లాంటిది. కోల్డ్ క్రీమ్ వెన్న లాంటిది. లోషన్ పాల లాంటిది. వీటి నిల్వ కాలం కూడా దాదాపు ఆ వరుసలోనే ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
(1) గ్లిజరిన్ తేమను ఎందుకు ఆకర్షిస్తుంది?
(2) వెన్న త్వరగా చెడి, నెయ్యి నిలవ ఉండటానికి కారణమేమిటి?

9.4 లిప్ బామ్: నీరు లేని లేపనం

మొదటిసారి చేసేవారు లిప్ బామ్‌తోనే మొదలుపెట్టడం మంచిది. ఇందులో ఎమల్షన్ లేదు, కాబట్టి విరిగిపోవడం లేదు. నీరు లేదు, కాబట్టి సూక్ష్మజీవుల భయం చాలా తక్కువ.

కావలసినవి (20 గ్రాములకు):
- శుద్ధిచేసిన తేనెమైనం: 5 గ్రాములు
- కొబ్బరినూనె: 9 గ్రాములు
- ఆముదం లేదా నువ్వులనూనె: 6 గ్రాములు

పదార్థాలను చెంచాలతో కొలవకుండా త్రాసుతో తూచాలి. తురిమిన మైనం, ఉండగా ఉన్న మైనం ఒకే చెంచాలో వేర్వేరు బరువులు తూగుతాయి. గ్రాములో పదోవంతు వరకు చూపే చిన్న త్రాసు దీనికి సరిపోతుంది.

తయారీ: ఒక గిన్నెలో నీళ్ళు వేడిచేసి, అందులో చిన్న గిన్నె ఉంచి మైనాన్ని, నూనెలను కరిగించాలి. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మైనాన్ని నేరుగా మంటపై పెట్టకూడదు. వేడెక్కిన మైనం, నూనె అంటుకుంటాయి. పొరపాటున అంటుకుంటే నీళ్ళు చల్లకుండా మూతపెట్టి మంటను ఆపాలి. చిన్న గిన్నెలోకి ఒక్క నీటిచుక్క కూడా పడకుండా చూసుకోవాలి. పూర్తిగా కరిగిన తరువాత, శుభ్రంగా కడిగి బాగా ఆరబెట్టిన చిన్న డబ్బీల్లో పోసి కదల్చకుండా చల్లారనివ్వాలి.

గట్టిదనాన్ని పరీక్షించడం: అరిసెల పాకాన్ని నీళ్ళలో వేసి చూసినట్లే దీనికీ ఒక పరీక్ష ఉంది. చల్లని స్టీలు పళ్ళెంపై ఒక చుక్క వేసి, గడ్డకట్టాక వేలితో రాసి చూడండి. మరీ గట్టిగా ఉంటే కొంచెం నూనె, మరీ మెత్తగా ఉంటే కొంచెం మైనం కలిపి మళ్ళీ కరిగించవచ్చు. ఎమల్షన్‌లకు లేని సౌలభ్యం ఇది.

వేసవిలో మార్పు: కొబ్బరినూనె ద్రవీభవన స్థానం సుమారు 24 డిగ్రీలు. చలికాలంలో సీసాలో గడ్డకట్టేది, వేసవిలో నీళ్ళలా ఉండేది ఇందుకే. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల ఎండలో సంచిలో పెట్టుకుని తిరిగే లిప్ బామ్ మెత్తబడి కారిపోతుంది. కాబట్టి వేసవికి మైనం 6 గ్రాములు, కొబ్బరినూనె 6 గ్రాములు, ఆముదం 8 గ్రాములుగా మార్చుకోవచ్చు. మైనం 25 శాతం నుంచి 30 శాతానికి పెరుగుతుంది.

రంగు సంగతి: చాలామంది బీట్‌రూట్ రసాన్ని కలపడానికి ప్రయత్నిస్తారు. బీట్‌రూట్ రంగు నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. రసం చిన్న ఎర్ర చుక్కలుగా అడుగున చేరుతుంది. కొద్ది రోజులకు ఆ చుక్కల చుట్టూ బూజు మొదలవుతుంది. నీరు లేని లేపనంలోకి మనమే నీటిని తీసుకువచ్చామన్నమాట. నూనెలో కరిగే రంగు కావాలంటే మసాలా దినుసుల దుకాణాల్లో దొరికే రతన్‌జోత్ వేరును గోరువెచ్చని నూనెలో నానబెట్టి, వడగట్టి వాడవచ్చు. 'సజాతీయం సజాతీయాన్ని కరిగిస్తుంది' అన్న సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

9.5 కోల్డ్ క్రీమ్: నూనె, నీరు కలిసే విధానం

9.5.1 ఎమల్సీకారకం

నూనె, నీరు కలిపి ఎంత గిలకొట్టినా కాసేపటికి విడిపోతాయి. రెండింటి సరిహద్దు వైశాల్యం తగ్గే దిశలోనే వ్యవస్థ నడుస్తుంది కనుక చిన్న బిందువులు కలిసి పెద్దవవుతాయి. ఈ కలయికను ఆపడానికి, ఒక కొస నీటిని, మరో కొస నూనెను ఇష్టపడే అణువులు కావాలి. వీటినే ఎమల్సీకారకాలు అంటారు. ఇవి బిందువుల ఉపరితలంపై వరుసగా నిలిచి అంతరతల తన్యతను తగ్గిస్తాయి, బిందువులు ఒకదానిలో ఒకటి కలవకుండా అడ్డుపడతాయి. బిందువుల రూపంలో ఉన్నదాన్ని విక్షిప్త ప్రావస్థ అని, దాని చుట్టూ ఉన్నదాన్ని విక్షేపణ యానకం అని కొల్లాయిడ్‌ల పాఠంలో చదువుకున్నారు.

క్రీస్తుశకం 2వ శతాబ్దానికి చెందిన వైద్యుడు గేలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపిన లేపనాన్ని వర్ణించాడు. కోల్డ్ క్రీమ్‌కు మూలం అదే. మన ఆయుర్వేదంలోని శతధౌత ఘృతం కూడా ఈ కోవలోనిదే. నెయ్యిని రాగి పాత్రలో నీళ్ళతో నూరుసార్లు మర్దించి కడిగితే అది తెల్లని మెత్తని లేపనంగా మారుతుంది. కొవ్వులో చిక్కుకున్న సన్నని నీటి బిందువులు కాంతిని వెదజల్లడం ఆ తెలుపుకు ముఖ్య కారణం. గేలెన్ లేపనంలో సరైన ఎమల్సీకారకం లేదు, అందుకే అది త్వరగా విడిపోయేది. ఆ లోపాన్ని చాలా కాలం తరువాత వెలిగారం తీర్చింది.

9.5.2 వెలిగారం లెక్క

తేనెమైనం దానంతటది మంచి ఎమల్సీకారకం కాదు. ఈ విషయంలో చాలామంది పొరబడతారు. మైనంలో ఎక్కువ భాగం ఎస్టర్లు. అయితే దానిలో సెరోటిక్ ఆమ్లం వంటి స్వేచ్ఛా ఫాటీ ఆమ్లాలు కూడా కొంత ఉంటాయి. వెలిగారం, అంటే బోరాక్స్, నీటిలో కరిగి క్షార స్వభావాన్నిస్తుంది. అది మైనంలోని ఆమ్లాన్ని తటస్థీకరించి సోడియం సెరోటేట్‌ను ఏర్పరుస్తుంది. ఇది ఒక రకం సబ్బు. ఈ సబ్బే ఎమల్సీకారకం. అంటే ఎమల్సీకారకాన్ని బయటనుంచి తేవడం లేదు, గిన్నెలోనే తయారుచేస్తున్నాం.

మరి వెలిగారం ఎంత కావాలి? మైనం ఆమ్ల విలువను బట్టి లెక్కకట్టవచ్చు. ఒక గ్రాము పదార్థంలోని స్వేచ్ఛా ఆమ్లాన్ని తటస్థీకరించడానికి కావలసిన పొటాషియం హైడ్రాక్సైడ్ మిల్లీగ్రాముల సంఖ్యే ఆమ్ల విలువ. తేనెమైనానికి ఇది సాధారణంగా 17 నుంచి 24 వరకు ఉంటుంది. 20 అనుకుందాం.

8 గ్రాముల మైనానికి కావలసిన పొటాషియం హైడ్రాక్సైడ్ = 8 × 20 = 160 మిల్లీగ్రాములు
పొటాషియం హైడ్రాక్సైడ్ అణుభారం 56. కాబట్టి ఆమ్లం = 160 ÷ 56 = 2.86 మిల్లీమోల్‌లు
ఒక మోల్ వెలిగారం రెండు మోల్‌ల ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది. కాబట్టి వెలిగారం = 2.86 ÷ 2 = 1.43 మిల్లీమోల్‌లు
పది నీటి అణువులతో కూడిన వెలిగారం అణుభారం సుమారు 381. కాబట్టి బరువు = 1.43 × 381 = 545 మిల్లీగ్రాములు, అంటే సుమారు 0.54 గ్రాము

ఆమ్ల విలువ 17 అయితే ఇది 0.46 గ్రాముకు తగ్గుతుంది. 24 అయితే 0.65 గ్రాముకు పెరుగుతుంది. మీ మైనం ఆమ్ల విలువ తెలియనప్పుడు 0.5 గ్రాము తీసుకోవడం ఉచితం. వెలిగారం ఎక్కువైతే క్రీమ్‌లో చిన్న స్ఫటికాలు ఏర్పడి చర్మానికి గరుకుగా తగులుతాయి. క్షారత్వమూ పెరుగుతుంది. 'చిటికెడు' అన్న కొలత ఇక్కడ పనికిరాదు. గ్రాములో నూరోవంతు చూపే త్రాసు అవసరం.

9.5.3 తయారీ

కావలసినవి (50 గ్రాములకు):
- తేనెమైనం: 8 గ్రాములు
- లిక్విడ్ పారాఫిన్ లేదా నువ్వులనూనె: 25 గ్రాములు
- వెలిగారం: 0.5 గ్రాము
- డిస్టిల్డ్ వాటర్: 16.5 గ్రాములు

ఒక గిన్నెలో మైనం, నూనె, మరో గిన్నెలో నీరు, వెలిగారం తీసుకుని రెండింటినీ వేడినీళ్ళ పాత్రలో ఉంచి 70 నుంచి 75 డిగ్రీల వరకు వేడిచేయాలి. రెండు గిన్నెల ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. చల్లని నీరు పోస్తే మైనం అక్కడికక్కడే గడ్డకట్టి పలుకులవుతుంది. నీటిని సన్నని ధారగా నూనెలో పోస్తూ చిన్న కవ్వంతో ఒకే వేగంతో కలపాలి. మిశ్రమం వెంటనే తెల్లబడుతుంది. గోరువెచ్చగా అయ్యేవరకు కలుపుతూనే ఉండి, ఆ తరువాత సీసాలోకి తీయాలి.

బోరునీరు వాడవద్దు. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సబ్బుతో కలిసి కరగని లవణాలను ఏర్పరుస్తాయి. బోరునీటిలో బట్టల సబ్బు నురగ రాకపోవడం మీకు తెలిసిందే. ఇక్కడ అదే జరిగి ఎమల్షన్ దెబ్బతింటుంది.

ఏ రకం ఎమల్షన్ వచ్చిందో తెలుసుకోవడం: గ్లాసు నీళ్ళలో కొంచెం క్రీమ్ వేసి కలపండి. పాలలా కలిసిపోతే అది నీటిలో నూనె రకం. ముద్దలుగా పైన తేలితే నూనెలో నీరు రకం. పై పాళ్ళలో నీరు మూడోవంతు మాత్రమే కనుక సాధారణంగా రెండో రకం వస్తుంది. ఈ క్రీమ్ రాసుకున్నప్పుడు నీరు ఆవిరవుతూ చర్మం నుంచి ఉష్ణాన్ని తీసుకుంటుంది. కోల్డ్ క్రీమ్ అనే పేరు ఆ చల్లదనం వల్లనే వచ్చింది.

జాగ్రత్త: వెలిగారం మింగకూడని పదార్థం. ఈ క్రీమ్‌ను పెదవులకు, పుండ్లపై, పగిలి రక్తం వచ్చే చోట రాయకూడదు. పసిపిల్లలకు, గర్భిణులకు వాడకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
(3) లిప్ బామ్‌లో బీట్‌రూట్ రసం ఎందుకు కలవదు?
(4) 12 గ్రాముల తేనెమైనం ఆమ్ల విలువ 20 అయితే ఎంత వెలిగారం కావాలి?

9.6 లోషన్

లోషన్‌లో నీరు ఎక్కువ. అది విక్షేపణ యానకం. నూనె బిందువుల రూపంలో ఉంటుంది. అందుకే జిడ్డు లేకుండా ఒంటిపై తేలికగా పరుచుకుంటుంది. దీనికి మైనం-వెలిగారం జత సరిపోదు. సౌందర్య సాధనాల ముడిపదార్థాలు అమ్మే దుకాణాల్లో ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ దొరుకుతుంది. పేరులో వ్యాక్స్ ఉన్నా ఇది తేనెమైనం కాదు. ఒకదాని బదులు మరొకటి వాడితే లోషన్ రాదు.

100 గ్రాములకు పాళ్ళు: డిస్టిల్డ్ వాటర్ 75, గ్లిజరిన్ 4, నూనె 14, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 6, నిల్వకారకం 1. నీరు, గ్లిజరిన్ ఒకచోట, నూనె, వ్యాక్స్ మరోచోట వేడిచేసి, కోల్డ్ క్రీమ్‌కు చెప్పిన పద్ధతిలోనే కలపాలి. నిల్వకారకాన్ని మాత్రం మిశ్రమం గోరువెచ్చగా అయిన తరువాత కలపాలి. ఇది ఎందుకు తప్పనిసరో తరువాతి విభాగంలో చూద్దాం.

9.7 చెడిపోవడం: రెండు వేర్వేరు కారణాలు

ఇంట్లో చేసిన లేపనం రెండు విధాలుగా చెడిపోతుంది. ఈ రెండింటినీ కలిపి ఒకటిగా భావించడమే చాలా అనర్థాలకు మూలం.

9.7.1 నూనె కనరెక్కడం

గాలిలోని ఆక్సిజన్ అసంతృప్త ఫాటీ ఆమ్లాల ద్విబంధాలున్న చోట చర్య జరిపి దుర్వాసన గల చిన్న అణువులను ఏర్పరుస్తుంది. పాత నూనె వాసన అదే. కొబ్బరినూనెలో సంతృప్త ఫాటీ ఆమ్లాలు సుమారు 90 శాతం. అందుకే అది నిదానంగా కనరెక్కుతుంది. పొద్దుతిరుగుడు నూనె త్వరగా కనరెక్కుతుంది. నువ్వులనూనెలో సహజమైన ఆక్సీకరణ నిరోధకాలు ఉన్నాయి. విటమిన్ ఇ కలిపితే ఈ చర్య మందగిస్తుంది.

9.7.2 సూక్ష్మజీవులు

రెండోది, ప్రమాదకరమైనది ఇదే. నీరున్న లేపనంలో సూడోమోనాస్, స్టఫైలోకాకస్ వంటి బాక్టీరియా, క్యాండిడా వంటి ఈస్ట్, బూజులు పెరుగుతాయి. బూజు కంటికి కనిపిస్తుంది. బాక్టీరియా లక్షల సంఖ్యలో ఉన్నా క్రీమ్ తెల్లగా, సువాసనగానే కనిపించవచ్చు. పగిలిన చర్మంపై, కళ్ళ దగ్గర, పసిపిల్లలకు, మధుమేహం ఉన్నవారి కాళ్ళ పగుళ్ళపై అలాంటి క్రీమ్ రాస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు. మెత్తబడటానికి రాసుకున్న క్రీమే పుండుకు కారణం కావచ్చు.

విటమిన్ ఇ సూక్ష్మజీవులను ఆపదు. అది నూనె కోసం మాత్రమే. పసుపు, వేపనూనె, తేనె కూడా లోషన్‌ను నిలవ ఉంచేందుకు చాలవు. తేనె జాడీలో చెడిపోదు, నిజమే. అందులో నీరు చాలా తక్కువ, చక్కెర చాలా ఎక్కువ. నీటిలో కలిపి పలుచన చేయగానే ఆ రక్షణ పోతుంది. ఇక తాజా కలబంద గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. కొబ్బరినూనెలో కలబంద గుజ్జు కలిపి బల్లపై నెల రోజులు ఉంచడమంటే సూక్ష్మజీవులకు నీరు, ఆహారం రెండూ సమకూర్చడమే.

9.7.3 సోడియం బెంజోయేట్ ఎందుకు విఫలమవుతుంది?

స్క్వాష్‌లలో, పచ్చళ్ళలో వాడే సోడియం బెంజోయేట్‌ను క్రీమ్‌లో వేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సూక్ష్మజీవి కణత్వచాన్ని దాటి లోపలికి వెళ్ళగలిగేది ముఖ్యంగా వియోగం చెందని బెంజోయిక్ ఆమ్లం అణువు. బెంజోయేట్ అయాన్ కాదు. బెంజోయిక్ ఆమ్లం పి.కె.ఎ. విలువ 4.2. హెండర్సన్-హాసెల్‌బాక్ సమీకరణం ప్రకారం:

పి.హెచ్. 4.2 వద్ద సగం అణువులు ఆమ్ల రూపంలో ఉంటాయి.
పి.హెచ్. 5.2 వద్ద 11లో ఒకటి.
పి.హెచ్. 6.2 వద్ద 101లో ఒకటి.
పి.హెచ్. 8.2 వద్ద 10,001లో ఒకటి.

నిమ్మరసపు స్క్వాష్ బాగా ఆమ్లయుతం, అందుకే అక్కడ బెంజోయేట్ పనిచేస్తుంది. వెలిగారంతో చేసిన కోల్డ్ క్రీమ్ క్షారయుతం. అందులో ఎంత బెంజోయేట్ వేసినా ఫలితం శూన్యం. లోషన్‌లో వాడాలనుకుంటే సిట్రిక్ ఆమ్లంతో పి.హెచ్.ను 5 కన్నా తక్కువకు తెచ్చి, పి.హెచ్. కాగితంతో సరిచూసుకోవాలి. పి.హెచ్. మీద అంతగా ఆధారపడని ఫీనాక్సీ ఇథనాల్ వంటివి మరో మార్గం. దీన్ని మొత్తం బరువులో 1 శాతానికి మించకుండా వాడతారు. చెంచాతో అంచనాగా పోయకూడదు.

9.7.4 నిల్వకారకం వాడదలచుకోకపోతే

అది తప్పేమీ కాదు. అయితే అప్పుడు లోషన్‌ను, క్రీమ్‌ను వంట పదార్థంలా చూడాలి. ఒకసారి 20 లేదా 30 గ్రాములకు మించి చేయకుండా, ఫ్రిజ్‌లో ఉంచి, వారంలోపు వాడి, మిగిలింది పారవేయాలి. వేలు ముంచకుండా పొడి చెంచాతో తీసుకోవాలి. ఇతరులకు ఇవ్వకూడదు. ఎక్కువ రోజులు ఉండాలనుకుంటే నీరు లేని బామ్ చేసుకోవడమే మేలు. స్నానం చేశాక చర్మం ఇంకా తడిగా ఉన్నప్పుడు బామ్ లేదా నూనె రాసుకుంటే ఒంటిపై ఉన్న నీరే లోషన్‌లోని నీటి పనిని చేస్తుంది. సీసాలో నీరు పెట్టనవసరం లేదు.

9.8 వాడకూడని పదార్థాలు

- కొవ్వొత్తుల మైనం: అందులో రంగులు, సువాసనలు కలిపి ఉండవచ్చు. పెదవులపై వాడదగినది కాదు.
- సిందూరం, కుంకుమ: వీటిలో కొన్నింటిలో సీసం, పాదరసం సమ్మేళనాలు ఉండే అవకాశం ఉంది. పెదవులపై రాసింది కొంత కడుపులోకి పోతుందని గుర్తుంచుకోవాలి.
- పూజకు వాడే కర్పూరం: లేపనాల కోసం శుద్ధిచేసినది కాదు. కర్పూరం మింగితే చిన్నపిల్లలకు మూర్ఛలు రావచ్చు.
- నిమ్మరసం: చర్మంపై రాసుకుని ఎండలోకి వెళితే అందులోని ఫ్యూరనోకౌమరిన్‌ల వల్ల బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు.
- జింక్ ఆక్సైడ్ పొడి కలిపి ఇంట్లో చేసే సన్‌స్క్రీన్: పొడి సమానంగా పరచుకోకపోతే కొన్నిచోట్ల రక్షణ ఉండదు. ఎంత రక్షణ ఇస్తుందో ప్రయోగశాలలో పరీక్షించకుండా తెలియదు.

కొత్తగా చేసిన ఏ లేపనాన్నైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి 24 నుంచి 48 గంటలు చూడాలి. దురద, ఎరుపు వస్తే వాడకూడదు.

9.9 అమ్మదలచుకుంటే

మీ ఇంటి అవసరానికి చేసుకోవడం వేరు, అమ్మకానికి చేయడం వేరు. మన దేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల పరిధిలోకి వస్తాయి. అమ్మకం కోసం తయారుచేయాలంటే రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి నుంచి లైసెన్సు పొందాలి. సీసాపై తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్న వివరం, పదార్థాల జాబితా ముద్రించాలి. చర్మపు క్రీములకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 6608 అనే ప్రమాణాన్ని రూపొందించింది.

ఇవన్నీ కాగితాల పని అనిపించవచ్చు. కానీ బ్యాచ్ నంబరు ఉంటేనే ఒక సీసా వల్ల ఎవరికైనా దద్దుర్లు వచ్చినప్పుడు ఆ రోజు చేసిన మిగతా సీసాలను వెనక్కి తెప్పించగలం. పదార్థాల జాబితా ఉంటేనే పడని పదార్థమేదో డాక్టరు గుర్తించగలరు. అలాగే 'గజ్జి, తామర తగ్గిస్తుంది' అని రాస్తే ఆ క్రీమ్ సౌందర్య సాధనం పరిధి దాటి ఔషధం పరిధిలోకి వెళుతుంది. దాని నిబంధనలు వేరు.

9.10 సారాంశం

చర్మానికి తేమను అడ్డుకునే, ఆకర్షించే, మెత్తబరిచే పదార్థాలు తోడ్పడతాయి. లిప్ బామ్‌లో నీరు ఉండదు కనుక ఇంట్లో చేసుకోవడానికి అది అన్నింటికన్నా అనువైనది. కోల్డ్ క్రీమ్‌లో తేనెమైనంలోని ఫాటీ ఆమ్లం వెలిగారంతో కలిసి ఎమల్సీకారకంగా మారుతుంది. దాని పరిమాణాన్ని ఆమ్ల విలువతో లెక్కకట్టవచ్చు. లోషన్‌లో నీరు ఎక్కువ కనుక సరైన ఎమల్సీకారకం, సరైన పి.హెచ్. వద్ద పనిచేసే నిల్వకారకం అవసరం. విటమిన్ ఇ నూనెను కనరెక్కకుండా కాపాడుతుంది తప్ప సూక్ష్మజీవులను ఆపదు. నిల్వకారకం లేని తడి లేపనాన్ని ఫ్రిజ్‌లో ఉంచి వారంలోపు వాడాలి.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

(1) దాని మూడు హైడ్రాక్సిల్ సమూహాలు నీటితో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచడం వల్ల.
(2) వెన్నలో నీరు ఉండటం వల్ల సూక్ష్మజీవులు పెరుగుతాయి. నెయ్యిలో నీరు దాదాపు లేదు.
(3) బీట్‌రూట్ రంగు నీటిలో కరుగుతుంది, నూనెలో, మైనంలో కరగదు.
(4) 12 × 20 = 240 మిల్లీగ్రాములు. 240 ÷ 56 = 4.29 మిల్లీమోల్‌లు. అందులో సగం 2.14. 2.14 × 381 = సుమారు 0.82 గ్రాము.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోల్డ్ క్రీమ్‌లో ఎమల్షన్ ఏర్పడే విధానాన్ని వెలిగారం లెక్కతో సహా వివరించండి.
2. ఇంట్లో చేసిన లేపనాలు చెడిపోయే రెండు విధాలను పోల్చి, నివారణ మార్గాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్షారయుతమైన క్రీమ్‌లో సోడియం బెంజోయేట్ ఎందుకు పనిచేయదు?
2. వేసవికి, చలికాలానికి లిప్ బామ్ పాళ్ళను ఎందుకు మార్చాలి?
3. మీ ఇంట్లో ఉన్న ఒక క్రీమ్‌ను గ్లాసు నీళ్ళలో పరీక్షించి, అది ఏ రకం ఎమల్షనో కారణంతో రాయండి. సీసాపై ఉన్న పదార్థాల జాబితా చూసి అందులో నీరు ఉందో లేదో, ఉంటే నిల్వకారకం ఏదో గుర్తించండి.